మోరిస్ వెనకసీటు

సింహాచలం కొండ మీద నుంచి మోరిస్ మైనరు కారు ఇంజను ఆపేసుకుని ఘాటురోడ్డు వెంట కిందికి జారుతోంది, స్టీరింగు పట్టుకున్న అప్పలసూరికి పెట్రోలు చుక్కయినా కాలడం లేదన్న తృప్తి కడుపు నిండా ఉంది, రోడ్డుకి రెండు పక్కలా సంపెంగ చెట్లున్నాయి గానీ వాటి వెనక ఉండాల్సిన లోయ లేదు, దాని చోట ఉప్పువాసన వేసే తెల్లటి మంచు నిలబడి ఉంది. ఎంతసేపు దిగినా కొండ తరగడం లేదు. తరక్కపోతే మరీ మంచిది, ఊరికే వచ్చే దిగుడు ఎంతుంటే అంత లాభం అనుకుంటాడు సూరి. కల వచ్చినంత మాత్రాన పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?

వెనకసీటు మీది ప్లాస్టిక్ కవరు కరకరమంటుంది. అద్దంలోకి చూస్తే సన్యాసిరావు కూర్చుని ఉన్నాడు. సూరి పెళ్లాం వరహాలుకి తోడబుట్టిన అన్న, సూరికి బావ, ముప్ఫై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసినవాడు, పోయిన ఏడాది వానలకి ముందు ఒక ఉదయం పళ్లు తోముకుంటూ గుండె పట్టుకుని కూలిపోయినవాడు. ఇప్పుడు ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కుని, చెవి వెనక పెన్సిలుముక్క పెట్టుకుని, బస్సెక్కిన వాడిలా కిటికీలోంచి చూస్తున్నాడు. సూరికి అన్నీ గుర్తున్నాయి, పాడె మోసిన కుడిభుజం ఆ బరువుని పదకొండు నెలలైనా మరిచిపోలేదు, అయినా వచ్చిన మనిషిని పట్టుకుని నువ్వు చచ్చిపోయావు కదా అనడం మర్యాద కాదని ఆ మాట మింగేస్తాడు.

"వెనక్కెల్లి కూకున్నావేటి బావా? నీ సీటు ముందు కదా."

"ముందుసీటు నాదెప్పుడయినాది? ఇన్నాళ్లూ అద్దెకున్నాను," అంటాడు సన్యాసి, నుదురు తుడుచుకుంటూ. "ఈ ప్లాస్టిక్ ఇంకా తియ్యలేదేటి? సచ్చినోడిక్కూడా సెమట పట్టేస్తున్నాది."

సూరికి ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. సీటు పాడవుతుందని తియ్యలేదు బావా అంటాడు. పద్నాలుగేళ్లయింది కదా అంటాడు సన్యాసి. అందుకే కొత్తగా ఉంది అంటాడు సూరి. ఇద్దరికీ ఆ జవాబు సబబుగానే తోస్తుంది, సంపెంగ చెట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతుంటాయి.

నిజానికి కంచరపాలెంలో సూరి ఉండే వీధివాళ్లకి ఈ బావాబావమరుదులు ఏనాడూ అంతుపట్టలేదు. ఎంగిలిచేత్తో కాకిని తోలరు, అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడతారు, పండక్కి కొన్న చొక్కా మళ్లీ పండగ దాకా పెట్టెలోంచి తియ్యరు. అలాంటి మనుషులు వాల్తేరులో ఒక ముసలి డాక్టరమ్మ షెడ్డులో కోళ్లు కాపురముంటున్న పాత కారుని కొని, లారీకి కట్టించి తేవడం దండగని పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఇద్దరే నెట్టుకుంటూ ఇంటికి తెచ్చుకుంటే జనం ముక్కున వేలేసుకున్నారు. సీటు కింద రెండు గుడ్లు దొరికితే మర్నాడు నడిచి వెళ్లి డాక్టరమ్మకి ఇచ్చి వచ్చారు కూడా. పిచ్చి పిచ్చే, పద్ధతి పద్ధతే.

పద్ధతంటే మామూలు పద్ధతి కాదు. కారు కోసం ఇంటి డబ్బు ముట్టుకోకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఏదో ఒకటి మానుకోవాలి, మానుకున్నదాని డబ్బు సూరి ఇంట్లో వంటింటి గూటిలోని ఖాళీ ఆవకాయ జాడీలో వెయ్యాలి, జాడీ నిండినప్పుడు కారుకి ఒక సామాను కొనాలి. ఎవరేం మానుకున్నదీ రెండోవాడు అడక్కూడదు, చెబితే వినాలి. అందుకే ఆ కారులో ప్రతి సామానుకీ ఇంకో పేరుంది.

ఇప్పుడు సన్యాసి వెనక నుంచి చెయ్యి చాపుతాడు, ఎంత దూరం కావాలంటే అంత దూరం సాగుతోంది ఆ చెయ్యి, బానెట్టు దాటి వెళ్లి ఒక్కొక్క సామానునీ తడిమి పలకరిస్తుంది. హెడ్‌లైట్లు అతని చుట్టలు. డైనమో సూరి ఆదివారాల వంజరం చేప. హారను ఇద్దరూ చూడని రెండో ఆట సినిమాలు. మలుపు తిరిగేటప్పుడు తలుపు పక్కనుంచి లేచే చిన్న పసుపు రెక్కలున్నాయే, వాటిలో ఎడమది సన్యాసి ఒక వేసవంతా ముట్టని తాటికల్లు. అది ఏనాడూ సరిగ్గా లేవలేదు. కల్లు డబ్బుతో కొన్నది మరెలా నిలబడుతుంది అని సూరి ఎప్పుడూ అనేమాటే ఇప్పుడూ అంటాడు, సన్యాసి ఎప్పటిలాగే మొదటిసారి విన్నట్టు నవ్వుతాడు, ఆ నవ్వు విన్నాక సూరికి ఇంక దాచుకోవడం చేతకాదు.

కారుని ఇచ్చేస్తున్నానని చెప్పేస్తాడు. ఈ రోజే, సాయంత్రం నాలుగింటికి, రాజమండ్రి నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయనకి పాత కార్లంటే ప్రాణం, షెడ్డులో ఇలాంటివి ఆరున్నాయి, పసిపిల్లలా చూసుకుంటానన్నాడు. కాగితాలు చొక్కా జేబులోనే ఉన్నాయి.

"అమ్మీడానికి నీకేటి కష్టమొచ్చినాది?"

"కష్టం కాదు బావా. నువ్వెల్లిపోయినాక దీన్ని తియ్యలేకపోతన్నాను. తాళంసెవి తీసి మల్లీ మేకుకే తగిలించీస్తన్నాను. నాను తోలితే నువ్వు వినీవోడివి. ఇప్పుడు వినీవోడేడీ? వొక్కడికోసం కారేటి, దుబారా."

అది నిజం. వాళ్లకి కారు నడపడమంటే ఇద్దరు చేసే పని. ఒకడు స్టీరింగు దగ్గర, రెండోవాడు పక్కసీట్లో కళ్లు మూసుకుని, ఇంజను ఎక్కడ గొణుగుతోంది, ఏ బోల్టు వదులైంది అని చెవులప్పగించి కూర్చోవాలి. నెలకి ఒక్క ఆదివారం, బీచి రోడ్డు దాకా వెళ్లి రావడం, అంతే వాళ్ల విలాసం. సన్యాసి పోయిన దగ్గర్నుంచీ కారు పెరట్లో టార్పాలిన్ కింద ఉంది, ఉప్పుగాలి దాని అంచుల్ని కొరుకుతోంది.

"నానొక్కడ్నేనేటి వినీవోడిని?" అంటాడు సన్యాసి, అని కిటికీలోంచి బయటికి చూస్తాడు.

ఘాటురోడ్డు ఎప్పుడు అయిపోయిందో తెలియదు, కారిప్పుడు హార్బరు లోపల, సూరి ముప్ఫై మూడేళ్లు క్రేను నడిపిన పట్టాల మీద పోతోంది, అటూ ఇటూ కదలని నీళ్లు, పైనుంచి క్రేను కొక్కెం మెల్లిగా దిగుతోంది, దానికి బొగ్గూ లేదు ఇనుమూ లేదు, టీకొట్టు కుర్రాళ్లు పట్టుకు తిరిగే తీగ స్టాండు వేలాడుతోంది. సన్యాసి కిటికీలోంచి చెయ్యి పెట్టి మూడు గ్లాసులు అందుకుంటాడు. ఒకటి సూరికిస్తాడు, ఒకటి తను ఉంచుకుంటాడు, మూడోది ఖాళీగా ఉన్న ముందుసీటు వైపు పట్టుకుని కూర్చుంటాడు. ఆవిరి ఆ సీటు వైపే వంగుతోంది.

ముందుసీట్లో ఎవరూ లేరు కదా అంటాడు సూరి. అదే నేనూ అంటున్నాను అంటాడు సన్యాసి. సూరికి వరహాలు గుర్తొస్తుంది, ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు, వెంటనే ఆమె తరఫున వద్దని చెప్పేస్తాడు, వరాలుకి టీ పడదు కదా బావా అని.

"ఎవులు సెప్పినారు?"

"అదే సెప్పినాది."

"సిన్నప్పుడు టీ కోసం మా అమ్మకాడ దెబ్బలు తిన్న పిల్ల బావా అది," అంటాడు సన్యాసి. ఇది సూరికి తెలుసు. పెళ్లయిన కొత్తలో అత్తగారే నవ్వుతూ చెప్పింది. తెలిసిన సంగతే ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటూ తలెత్తుతాడు, చూస్తే పైన ఆకాశం లేదు, వాళ్ల ఇంటి అటక ఉంది.

హార్బరంత పొడుగునా పరుచుకుని ఉంది అటక. కాగితంలో చుట్టిన వైపర్లు, రెండో డైనమో, విడి అద్దాలు, పెట్టె విప్పని కార్బురేటరు, ఎప్పుడైనా పనికొస్తాయని కొని దాచిన సామానంతా అక్కడుంది. దాని మధ్యలో గోనెలో చుట్టిన నాలుగు కొత్త టైర్లు. సూరి కళ్లు దించేసుకుంటాడు. ఆ టైర్లే వాళ్లిద్దరి ఆఖరి తగువు.

మూడేళ్లు బస్సెక్కకుండా హార్బరుకి నడిచి వెళ్లి కొన్నాడు వాటిని. కొని ఎనిమిదేళ్లు అటకెక్కించాడు, పాతవి అరిగాక వేద్దామని. పాతవి అరగవు, నెలకోసారి బీచి రోడ్డుకి వెళ్లే టైర్లు ఎప్పటికి అరుగుతాయి? పోయిన ఏడాది ఒక ఆదివారం సన్యాసి పాన పట్టుకుని వచ్చి, కొత్తవి వేసేద్దాం బావా, చెల్లిని ఒక్కసారి అరకు తీసుకెళ్లి తెద్దాం, అది ఈ కారు ఎక్కి వీధి చివర దాకా కూడా వెళ్లలేదు అన్నాడు. సూరి లెక్కల మనిషి కదా, మూడో మనిషి ఎక్కితే బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది అన్నాడు. సన్యాసి పాన కింద పెట్టి వెళ్లిపోయాడు. పంతొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఇరవయ్యో రోజు పొద్దున్నే కబురొచ్చింది. కర్మకాండలన్నీ అయ్యాక సూరి అటకెక్కి గోనె విప్పి చూస్తే, అటక వేడికి నాలుగు టైర్లూ ఎండిన చెరువు నేలలా పగిలి ఉన్నాయి.

సన్యాసి వేలితో ఒక టైరుని పొడుస్తాడు. నల్లటి పొడి సూరి ఒళ్లో రాలుతుంది.

"దాచి దాచి దెయ్యాలపాలు సేసినావు," అంటాడు. "తీరా సూస్తే ఆ దెయ్యాన్నీ నానే. నాకూ పనికిరాలేదు."

సూరికి దుఃఖం ఆగదు. స్టీరింగు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తాడు, కారు తనంతట తనే పట్టాల మీద పోతుంటుంది. తప్పయిపోయింది బావా, ఆ మాట నేననకుండా ఉండాల్సింది, పంతొమ్మిది రోజుల్లో ఒక్కరోజైనా మీ ఇంటికొచ్చి ఉండాల్సింది అంటాడు. పదకొండు నెలలుగా ఎవరికి చెప్పాలో తెలియక గొంతులో ఉంచుకున్న మాట అది. సన్యాసి అతని భుజం మీద, పాడె మోసిన భుజం మీదే, చెయ్యి వేస్తాడు. చెయ్యి వెచ్చగా ఉంది.

"నానూ రాలేదు కదేటి? నాకేటి కాళ్లు లేవా? ఊరుకో బావా."

ఊరుకుంటాడు. కాసేపటికి మనసు తేలికపడి, చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుని, ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడుగుతాడు. అడక్కూడదన్న ఒట్టు ఉంది గానీ చచ్చినవాళ్లతో ఒట్లు చెల్లవేమో అనుకుంటాడు. ఈ వెనకసీటు, కొబ్బరిపీచు కూరించి, మెరూన్ రెక్సిన్ వేయించి, ఇంత దర్జాగా కుట్టించారే, దీని కోసం జాడీ వాళ్లనుకున్నదానికన్నా ఎంతో ముందే నిండింది. అప్పట్లో తను చేపలు తప్ప ఇంకేం మానలేదు. దీనికోసం నువ్వేం మానావు బావా అంటాడు.

సన్యాసి వింతగా చూస్తాడు. "నానేటి మానినాను? నువ్వు మానినావనుకున్నాను. మా బావ ఏటి మానుకుంటన్నాడో, సెప్పడు, గట్టోడు అనుకునీవోడిని."

"నానూ నీ గురించి అలగే అనుకున్నాను."

పద్నాలుగేళ్లు ఒకరి త్యాగానికి ఒకరు లోలోపల దండం పెట్టుకుంటూ తిరిగిన ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వంటింట్లో ఉన్న జాడీ. వంటింట్లో ఉండే మనిషి. మూడో గ్లాసు ఆవిరి ఇంకా ఖాళీసీటు వైపే వంగి ఉంది. వంటింట్లోంచే కారు స్టార్టు చేసిన చప్పుడు విని, ఈవేళ మీ బండికి జలుబు చేసినట్టుంది, గొంతు బొంగురుపోయింది అని వరహాలు కేకేసేది. వీళ్లు బానెట్టు ఎత్తి చూస్తే నిజంగానే ఏ ప్లగ్గో మసి పట్టి ఉండేది. ఆడవాళ్లకేం తెలుసని నవ్వుకుంటూ తుడిచేవాళ్లు. వినేవాడు లేడు, వినేవాడు లేడు అని ఏడుస్తున్నాడు కదా సూరి, అతనికి ఇప్పుడు సిగ్గు ముంచుకొస్తుంది.

"మరి టైర్లు?" అంటాడు చివరికి. "అవి పోయినాయి కదా బావా. మల్లీ కొనాలంటే ఏటి మానీది? పింఛను మీద బతికీవోడిని, మానడానికి ఇంకేటీ మిగల్లేదు."

సన్యాసి చెవి వెనక పెన్సిలు తీసి పైకి చూపిస్తాడు.

"అటక మానీ. ఆ రాజమండ్రి ఆయనకి పాత సామాన్లంటే పేనం అన్నావు కదా. కారు కాదు, అటకమ్ము."

అంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అని సూరి ఆశ్చర్యపోతుండగానే పట్టాలు అయిపోయి కంచరపాలెం వీధి వచ్చేస్తుంది, కొళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి, తమ ఇంటి మలుపు దగ్గర పడుతోంది, ఎవరూ మీట నొక్కకుండానే ఎడమ రెక్క నిటారుగా లేచి పసుపుపచ్చగా వెలుగుతుంది. చూశావా బావా, కల్లు నిలబడింది అని సూరి అద్దంలోకి చూసేసరికి వెనకసీట్లో ఎవరూ లేరు, ప్లాస్టిక్ మీద మనిషి కూర్చున్న గుంట మాత్రం ఉంది. ఎదురుగా గేటు, గేటులో చేతిలో గ్లాసుతో వరహాలు, కారు ఆగడం లేదు, సూరి బలమంతా పెట్టి బ్రేకు తొక్కుతాడు.

కాలు మంచం కోడుకి తన్నుకుంటుంది.

గడియారంలో మూడున్నర. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు, కునుకు పట్టేసింది. తలగడ తడిగా ఉంది. పడుకున్న చోట నుంచి వంటింటి గుమ్మం కనిపిస్తుంది. వరహాలు గిన్నెలోంచి ఒకే ఒక్క గ్లాసులోకి టీ వడపోస్తోంది. తెద్దామని అడుగు వెయ్యబోయి, ఆగి, గ్లాసుని మొహం దగ్గరికి ఎత్తి, కళ్లు మూసుకుని ఆవిరిని గుండెల నిండా పీల్చుకుంటుంది. తరవాత కొంగుతో గ్లాసు అడుగు తుడిచి, ఏమీ ఎరగనట్టు తెచ్చి అతని ముందు పెడుతుంది. రోజూ ఇలాగే చేస్తోందో ఏమో, సూరి ఈ వేళకి ఏనాడూ కళ్లు తెరిచి ఉన్నవాడు కాదు.

"వరాలూ, నువ్వు టీ మానీసి ఎన్నాళ్లయినాది?"

పడదు కదా అనబోయిన మనిషి అతని మొహం చూసి ఆ మాట మానుకుంటుంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, వెనకసీటు కుట్టించినప్పటి నుంచీ అంటుంది. జాడీలో నువ్వెందుకు వేశావంటే, కూర్చునేది నేనే కదా అనుకున్నానంటుంది. మరి సీటు పూర్తయ్యాకైనా తాగొచ్చు కదా అంటాడు సూరి.

"ఆ సీట్లో కూకున్న రోజు తాగుదామనుకున్నాను. కూకోమని ఎవులూ అన్లేదు."

సూరి మంచం దిగుతాడు. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని పెరట్లోకి నడుస్తాడు. టార్పాలిన్ లాగి పారేస్తాడు. తలుపు తెరిచి వెనకసీటు మీది ప్లాస్టిక్‌ని పళ్లతో కొరికి, గోళ్లతో చీల్చి, ఉండచుట్టి అవతల పడేస్తాడు. కింద మెరూన్ రెక్సిన్ నిన్న కుట్టినట్టుంది. ముందుసీట్లో కూర్చో అంటాడు. అది మా అన్న అన్నట్టు అరకు వెళ్లేరోజు చూద్దాం, ఇవాళ నాది నన్ను చూసుకోనీ అని వరహాలు వెనక ఎక్కి, రెండు అరచేతులతో సీటుని నిమిరి, చెప్పులు విప్పి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంటుంది. నాలుగింటికి వచ్చే ఆయనకి అటక చూపిద్దాం, కారు మాత్రం ఇవ్వనని సూరి చెబుతాడు. ఆమె తలాడిస్తుంది, కళ్లు మాత్రం గ్లాసు మీదే ఉన్నాయి. ఇస్తాడు.

పద్నాలుగేళ్ల తరవాత ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, గ్లాసులోకి చూస్తుంది.

"పంచదారే లేదు ఇందులో. రుసి సూడక ఎయ్యడమే మరిసిపోయినాను గావాల. ఇన్నేళ్లూ ఇదే తాగతన్నావేటి మావా?"

"పొదుపు సేస్తన్నావనుకున్నాను," అంటాడు సూరి.